గోలు వెనక కుర్చీ

"అమ్మమ్మా, ఇప్పుడే కదా చర్చి నుంచి వచ్చావ్. మళ్ళీ ఆ మడత కుర్చీ పట్టుకుని ఎక్కడికి, ఈ ఎండలో?"

ఎక్కడికేంటే, గ్రౌండుకి. ఇయ్యాల మ్యాచి. మీ సుగుణ పెద్దమ్మ చెప్పలేదూ? చెప్పదులే, దానికి నామోషీ. వాళ్ళమ్మ, రిటైరైన నర్సు, మనవరాళ్ళున్న మనిషి, ఆదివారం పూట ఫుట్‌బాల్ గోలు వెనక కుర్చీ వేసుకుని కేకలు పెడతందని ఎవరికి చెప్పుకుంటది పాపం. నువ్వు కూర్చో, ఇంకా టైముంది. ఆ పులిహోర చల్లారితే పొట్లాలు కట్టాలి. ఏయ్, వేరుశనగ గుళ్ళు ఏరుకు తినకే, ఆటగాళ్ళకి ఉత్త అన్నం మిగులుద్ది.

అదిగాదు, ఎండా ఎండా అంటన్నావ్ గాని, ఆ కుర్చీ అక్కడే ఎందుకుండాలో నీకు తెలీదు. నువ్వు గుర్గావ్ ఉద్యోగానికని వచ్చి ఎన్నాళ్ళయిందని, ఇంకా నీకు ఈ కాలనీలో పాల బూత్ దారే తెలీదు. చెప్తా విను. మీ తాతయ్యా నేనూ బాపట్ల నుంచొచ్చిన కొత్తలో, నేను ఇక్కడ పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుని, ఈ సరోజినీ నగర్ క్వార్టరు నాకే ఇచ్చారు. ఇప్పుడు సుగుణ కూడా నర్సే కాబట్టి దాని పేరు మీదికి మారింది, అందుకే ఇంకా ఇదే ఇంట్లో ఉన్నాం. అప్పుడు మార్కెట్లో ఇంత జనం యాడున్నారూ. పది రూపాయలు పెడితే స్వెట్టరు. మీ తాతయ్య బేరమాడితే ఎనిమిదికే, అంత గీచి గీచి బేరమాడేవాడు మహానుభావుడు. ఆఁ, ఏం చెప్తన్నా?

గ్రౌండు. క్వార్టర్ల వెనక గ్రౌండు. ఒక రోజు సాయంత్రం నలుగురు కుర్రాళ్ళు తలుపు దబదబా బాదారు, సిస్టర్‌జీ సిస్టర్‌జీ అని. గోలు కాపలా ఉండేవాణ్ణి ఇక్కడ గోలీ అంటార్లే, ఆ గోలీకి నుదురు చీలి రక్తం కారిపోతందంట. నా డబ్బా పట్టుకుని పరిగెత్తా. కట్టు కట్టి, ఇంక ఆడొద్దయ్యా అంటే వింటేగా వాడు! నాకు కోపమొచ్చి, అయితే నేనిక్కడే కూర్చుంటా, కళ్ళు తిరిగితే ఎవరు చూస్తారు అని గోలు వెనక చతికిలబడ్డా. అంతే. ఆ కూర్చోడం కూర్చోడం ఇప్పటిదాకా కూర్చునే ఉన్నా. దెబ్బలన్నీ గోలీలకే తగుల్తాయి కదే, అందుకని నా చోటు అక్కడే అయిపోయింది. మన కాలనీ క్లబ్బులో ఎవరొచ్చినా ఎవరు పోయినా ఆ చోటు నాదే.

మరి కుందన్ సంగతి చెప్పాలి నీకు. గఢ్వాల్ కొండల కాడి పిల్లోడు. పగలేదో ఆఫీసులో ప్యూను, పొద్దుగూకే వేళకి మా గోలీ. వచ్చినప్పుడు పుల్లలాగ ఉండేవాడు, గాలికి ఎగిరిపోతాడేమో అనుకున్నా. పదేళ్ళు పైనే మా గోలు కాశాడు. నన్ను అమ్మాజీ అనేవాడు. ఈ ఇంట్లోనే ఉండేవాడు... అంటే ఎప్పుడూ కాదు, ట్రాన్స్‌ఫర్ల రోజుల్లో.

అది నీకు తెలీదులే. నువ్వు టీవీలో చూసే ఫారిన్ క్లబ్బుల్లాగ కాదిక్కడ. ఏడాదికోసారి ట్రాన్స్‌ఫర్ల రోజులొస్తాయి. ఆటగాడు తనే ఫుట్‌బాల్ సంఘం ఆఫీసుకెళ్ళి ఎదురుగా నిలబడి సంతకం పెట్టాలి. ఏ క్లబ్బు తరఫున పెడితే ఆ ఏడాది వాడు ఆ క్లబ్బోడు. ఇంకేముంది, మంచి ఆటగాణ్ణి ఎవరు ముందు ఎత్తుకుపోతే వాళ్ళదే. నిజమేనే, నవ్వుతావేంటి! టీ తాగుదాం రా అని బండెక్కించుకుని తిన్నగా ఆఫీసుకి పట్టుకుపోయేవాళ్ళు. అందుకని ప్రతి క్లబ్బూ తన ఆటగాళ్ళని ఆ నాలుగు రోజులూ నమ్మకమైన ఇళ్ళల్లో దాచేది. మా గోలీని దాచేది నా ఇంట్లో. అదిగో ఆ వెనక గదిలో, నువ్విప్పుడు పడుకుంటన్నావే, అక్కడ. నర్సమ్మ ఇంట్లో, ఆడవాళ్ళుండే ఇంట్లో వెతకాలని ఎవరికి తోస్తది? గోంగూర పచ్చడి కలిపి పెడితే కళ్ళెంబడి నీళ్ళు కారేవి వాడికి, అయినా అమ్మాజీ ఇంకో ముద్ద అనేవాడు. అట్టా ప్రతి ఏడూ.

ఇంతలోకి ఈ కొత్త మేనేజరొచ్చాడు. మల్హోత్రా. కూలింగ్ గ్లాసులు, మెడలో విజిలు, చంకలో లాప్‌టాపు. నోరు తెరిస్తే సిస్టం సిస్టం. నిజం చెప్పుకోవాలి కదా, మంచి పనులూ చేశాడు. కుర్రాళ్ళు టైముకొస్తన్నారు. రెఫరీ మీదికెళ్ళడం మానేశారు. ఇదివరకు మ్యాచి సగం తన్నులాటే ఉండేది. అచ్ఛా, బాగానే ఉంది అనుకున్నా. తర్వాత ఏం చేశాడూ, హాఫ్ టైములో నేను పంచే పులిహోర ఆపించాడు. అరటిపండ్లే తినాలంట! నా పులిహోర తిని కప్పులు తెచ్చారయ్యా వీళ్ళు అంటే, అది పాత లెక్క సిస్టర్‌జీ అన్నాడు. సరే, దాని మాట అటుంచు. ఇదిగో ఇయ్యాల కూడా తీసుకెళ్తన్నాగా.

నా ఒళ్ళు మండింది దానికి కాదు. కుందన్‌ని తీసేశాడు. మణిపూర్ నుంచి తోంబా అని కొత్త గోలీని తెప్పిస్తన్నాడంట. కుందన్‌కి మోకాళ్ళు మునపట్లా లేవు, కింద బంతికి వంగేటప్పటికి లేటవుతన్నాడు, నాకు తెలీదా, ఇన్నేళ్ళు వెనక కూర్చుని చూసినదాన్ని? తీసెయ్యి, ఆట అన్నాక తీసేస్తారు. కానీ తీసే తీరు ఒకటుంటదా ఉండదా? మెసేజ్ పెట్టాడే! ఫోన్లో, రెండు ముక్కలు, ఇంగ్లీషులో. కుందన్ ఆ ఫోను పట్టుకుని నా దగ్గరికొచ్చాడు, అమ్మాజీ ఇందులో ఏం రాసుందో చదివి పెట్టండని. నేను చదివి చెప్పాలా! నా నోటితోనే చెప్పాల్సొచ్చింది వాడికి. వాడు ఫోను జేబులో పెట్టుకుని, ఠీక్ హై అమ్మాజీ అని వెళ్ళిపోయాడు.

అది చాలదన్నట్టు, మళ్ళీ వారానికి ట్రాన్స్‌ఫర్ల రోజులు. మల్హోత్రా వచ్చి ఇదే గుమ్మంలో నిలబడ్డాడు. వెనక బ్యాగు పట్టుకుని ఆ తోంబా. సిస్టర్‌జీ, సంతకాలయ్యే దాకా వీణ్ణి మీ ఇంట్లో దాచండి, ఏటి అవతల జమునా పార్ క్లబ్బు వాళ్ళ కన్ను వీడి మీదుంది, అన్నాడు. చూశావా గుండె! కుందన్ గది, కుందన్ మంచం, కుందన్ చోటు లాక్కున్నవాడికి నా చేత్తో అన్నం పెట్టాలి. పొమ్మందామనే అనుకున్నా. కానీ ఆ పిల్లోణ్ణి చూశా. రైల్లో ఎన్ని రోజులొచ్చాడో, కళ్ళు గుంటలు పడిపోయి, భాష రాక బిక్కుబిక్కుమంటా చూస్తన్నాడు. వాడేం చేశాడు చెప్పు. వాణ్ణి పిలిచారు, వచ్చాడు. నువ్వు గుర్గావ్ వచ్చినట్టే. లోపలికి రా నాయనా అన్నా. మల్హోత్రాతో మాత్రం, ఇది నీ కోసం కాదు, క్లబ్బు కోసం అని పుల్ల విరిచినట్టు చెప్పా.

అసలు సంగతి ఇప్పుడే ఉంది, వింటన్నావా? ఆ దారాలు ఇటియ్యి, పొట్లాలు కడతా చెప్తా.

మర్నాడు మధ్యాహ్నం. సుగుణ డ్యూటీలో ఉంది. తోంబా లోపల అన్నం తింటన్నాడు. తలుపు చప్పుడైంది. తీస్తే ఇద్దరు దుక్కల్లాంటి మనుషులు, జమునా పార్ క్లబ్బోళ్ళు. వాళ్ళ వెనక మెట్ల మీద ఎవరనుకున్నావ్, కుందన్! వాడికి మా దాచే ఇళ్ళన్నీ తెలుసు కదా, అందుకని వెంటబెట్టుకొచ్చారు. తోంబా దొరికితే వాణ్ణి సంతకానికి పట్టుకుపోతారు. అప్పుడు మా క్లబ్బుకి గోలీ ఉండడు. మల్హోత్రా దిగొచ్చి మళ్ళీ కుందన్ కాళ్ళు పట్టుకోవాల్సిందే. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. గుమ్మానికి ఇవతల నేను, అవతల వాడు. ఉన్నాడు, తీసుకుపోండి అనే మాట నా నోటిదాకా వచ్చింది, అబద్ధమెందుకు. వచ్చింది గాని, గుమ్మం దాటనిచ్చానా? నా ఇంట్లో అన్నం ముందు కూర్చున్న పిల్లోడే వాడు! ఎవరూ లేరని చెప్పడానికి నోరు తెరిచా.

తెరిచేటప్పటికి కుందన్ కిందికి చూశాడు. నేనూ చూశా. ఆ పిచ్చి తోంబా తన చెప్పులు గుమ్మం పక్కనే విడిచాడే! ఇంతింత మగాడి చెప్పులు, ఆడవాళ్ళుండే ఇంట్లో. కుందన్ పదేళ్ళలో ఒక్కసారన్నా చెప్పులు బయట పెట్టలేదు, నేను నేర్పిన జాగ్రత్తే అది. ఇంక అయిపోయింది అనుకున్నా.

కుందన్ ఏం చేశాడో తెలుసా. ఆ ఇద్దరికీ అడ్డంగా ముందుకొచ్చి, నా కాళ్ళకి దణ్ణం పెట్టడానికి వంగాడు. మోకాలు నొప్పి, ఒక చెయ్యి గోడకి ఆనించుకుని మరీ వంగాడు. రెండో చేత్తో ఆ చెప్పులు రెండూ ఇదిగో ఈ కూలర్ కిందికి తోసేశాడు. లేచి వాళ్ళతో, ఇక్కడ కాదు భయ్యా, అమ్మాజీ ఇప్పుడు ఎవర్నీ పెట్టుకోడం లేదు, ఆ గదిలో మనవరాలు చదువుకుంటంది, పదండి అన్నాడు. నా మొహం వంక కూడా చూళ్ళేదే. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గుక్కెడు మంచినీళ్ళన్నా ఇయ్యలేకపోయా నా బంగారానికి. తలుపేసుకుని అక్కడే కూలబడి ఏడ్చా. ఆ తోంబా ఎంగిలి చేత్తో వచ్చి, వచ్చీ రాని హిందీలో ఏమైంది అమ్మాజీ అంటాడు. వాడికీ అమ్మాజీనే అయిపోయా అప్పటికే.

అంతే. తోంబా మనకి సంతకం పెట్టాడు. జమునా పార్ వాళ్ళు, ఇంకెవరూ దొరక్క, కుందన్‌నే తీసుకున్నారు. ఇయ్యాల మ్యాచి ఎవరెవరికి అనుకున్నావ్? మనకీ వాళ్ళకీ. ఆ గోల్లో కుందన్, ఈ గోల్లో తోంబా.

పొద్దున మల్హోత్రా ఫోన్ చేశాడు. సిస్టర్‌జీ, ఇయ్యాల గోలు వెనక వద్దు, మాతో షామియానా కింద కూర్చోండి అంటాడు. ఎందుకయ్యా అంటే, మీరు కుందన్‌కి చప్పట్లు కొడితే మన కుర్రాళ్ళ మనసు చెడుద్ది, అట్టా కొట్టేవాళ్ళు మన వైపు రానక్కర్లేదు అన్నాడు. అప్పుడు చెప్పా కూలర్ కింద చెప్పుల సంగతి. ఇన్నాళ్ళూ నా కడుపులోనే పెట్టుకున్నా, ఆ క్లబ్బులో కుందన్ చోటుకి ముప్పొస్తదని. ఆ జమునా పార్ వాళ్ళకి చెప్పావంటే మాత్రం నీ సంగతి చూస్తానని కూడా అన్నాలే. నువ్వు మెసేజ్ పెట్టి వెళ్ళగొట్టినవాడే నీ గోలీని నీకు మిగిల్చాడు, నా చప్పట్లు ఎవరికి కొట్టాలో నాకు నువ్వు చెప్తావా అన్నా. ఫోను వాడే పెట్టేశాడో, నేనే పెట్టేశానో గుర్తు లేదు. ఎవరేమన్నా సరే, నేను అక్కడే కూర్చుంటా.

ఏంటీ? హాఫ్ టైములో కుర్చీ ఎత్తుకుని అటు గోలు వెనక్కి మారాలా అంటావా?

నేనెందుకు మారతానే పిచ్చిమొహమా! హాఫ్ టైముకి వాళ్ళే గోల్లు మారతారు. ముందు సగం ఒకడు నా ఎదుట ఉంటాడు, తర్వాత సగం ఇంకోడు నా ఎదుటికే వస్తాడు. నా కుర్చీ కదలదు. చూశావా, పొట్లాలు కూడా రెండు పెద్దవి కట్టా, ఒకటి వాడికి, ఒకటి వీడికి. అరటిపండ్లంట, అరటిపండ్లు!

పద, ఆ గొడుగు పట్టుకో, నువ్వూ వద్దువు గాని. తలుపు గట్టిగా లాగు, గొళ్ళెం సరిగ్గా పడదది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. రేపు ఆ గుర్గావ్ ఆఫీసులో నిన్నూ ఎక్కిస్తారు, దింపుతారు, నీ చోట్లో ఇంకొకర్ని తెచ్చి పెడతారు, అది ఎటూ తప్పదు. ఎక్కడున్నా గాని, నీ చెప్పులు కనపడకుండా కూలర్ కిందికి తోసే మనిషి ఒక్కరన్నా నీకు దొరకాలి. నువ్వూ ఇంకొకరికి అట్టాంటి మనిషివి కావాలి. ఏడవకే, మ్యాచికి పోతా ఏడుపేంటి... ఆ కుర్చీ ఇటియ్యి, దాన్ని నేనే మోస్తా.