పుల్లమ్మ చేతి బోణీ

తెనాలి మార్కెట్లో సాంబశివరావు పప్పుల కొట్టు తెరిచి నాలుగు గంటలైంది, ఒక్క గింజ కదల్లేదు. ముందు కొట్టు, వెనక ఇల్లు. బల్ల మీద బాపట్ల కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన లక్ష్మీనరసింహం మేష్టారు, గుమ్మంలో ఇడ్లీబండి ఆశీర్వాదం.

"అందుకని కొట్టే రేపల్లెకి ఎత్తేస్తావా?"

"ఎత్తెయ్యక ఏం చెయ్యను మేష్టారూ? పుల్లమ్మ గారు నిన్న రేపల్లెలో కూతురింటికి మకాం మార్చేసింది. వాళ్ళింటి ఎదురుగా షెడ్డు ఖాళీ. మధ్యాహ్నం బస్సుకెళ్ళి మాటిచ్చేస్తా."

"ముప్పై ఏళ్ళ కొట్టయ్యా!"

"పదేళ్ళుగా ఆవిడ చేతి మీదే నడుస్తోంది. ఏడింటికి వచ్చి పావుకిలో పెసరపప్పు కొనేది. సాయంత్రానికి బస్తాలు ఖాళీ. ఆవిడ బోణీ చెయ్యకుండా ఇంకెవరికీ అమ్మింది లేదు."

"సాంబశివరావు గారూ, వేయించిన శనగపప్పు ఇంకో కిలో ఇస్తే పోతానండి. చట్నీ అయిపోయింది."

"ఆశీర్వాదం, ఎన్నిసార్లు చెప్పాలి? నీ చేతి బోణీ నాకొద్దు. ఎవరన్నా కొన్నాక రా."

"వచ్చినోళ్ళనల్లా పంపించేస్తున్నారు కదండి. ఇప్పటికి పదకొండు మంది."

"నువ్వెందుకు లెక్కపెట్టావు?"

"చట్నీ లేక ఖాళీగా ఉన్నాను కదండి."

"అతన్నొదిలెయ్. ఇటు చూడు సాంబశివరావూ. నిన్నటి బోణీ ఎవరి వల్ల అయింది?"

"పుల్లమ్మ గారి వల్ల."

"సరే. ఆవిడ లేకపోతే బోణీ అనేదే ఉండదా?"

"ఉండదు. ఇవాళ ఉందా?"

"నువ్వు అమ్మట్లేదు గనక లేదు! ఎవరు ముందు కొంటే వాళ్ళ వల్ల అవుతుంది. ఒకరి వల్ల అవడం వేరు, ఆ ఒకరు లేనిదే లేకపోవడం వేరు."

"రెండూ ఒకటే."

"కాదయ్యా. ఈ కొట్టు లేనిదే ఈ కొట్టు బోణీ ఉంటుందా?"

"ఎలా ఉంటుంది?"

"మరి కొట్టు తెరిస్తే చాలా? బోణీ అయిపోతుందా?"

"అయిపోతే మీతో ఈ గోల నాకెందుకు?"

"అదీ! కొట్టు లేనిదే బోణీ లేదు, కానీ కొట్టు వల్ల అవలేదు. పుల్లమ్మ వల్ల అయింది, కానీ పుల్లమ్మ లేకపోయినా అవుతుంది."

"ఇది చెప్పినందుకు బాపట్లలో మీకు జీతమిచ్చారా మేష్టారూ?"

"పెన్షన్ కూడా ఇస్తున్నారు."

"నా దగ్గర పుచ్చిన కందిపప్పు ఇంతకన్నా తొందరగా అమ్ముడుపోతుంది. పొద్దున ఫోన్లోనే డబ్బులు పంపించి బోణీ చెయ్యమన్నానండీ ఆవిణ్ణి. పంపింది. ఫోన్ మోగింది గానీ చెయ్యి రాలేదుగా?"

"ఉండు, ఉండు. ఆశీర్వాదం, ఇందాక ఇంకో కిలో అన్నావు. మొదటి కిలో ఎక్కడ కొన్నావయ్యా?"

"అబ్బే... అదేం లేదండి."

"లేదేంటి? పక్క కొట్లో కొన్నావా? నిజం చెప్పు!"

"వద్దండి. అమ్మగారు తిడతారు."

"ఏ అమ్మగారు?"

"దుర్గాంబ గారండి."

"మా ఆవిడా? మా ఆవిడకేంటి సంబంధం?"

"మీరేమో ఏడు దాటితే గానీ ఇవ్వరు. నా బండి ఆరింటికే పెట్టాలి. చట్నీ లేని ఇడ్లీ ఎవరు తింటారండి? అమ్మగారు అయిదింటికే పెరటి గుమ్మంలోంచి ఇస్తారండి. ఇదిగో, ఈ బస్తాలోదే."

"ఊరికే ఇస్తోందా?"

"ఊరికే ఎందుకిస్తారండి? డబ్బులు ఆవిడ చేతిలో పెట్టాకే పప్పు నా సంచిలో పడుతుంది. మీకు తెలీకుండా మీ గల్లాపెట్టెలోనే వేస్తారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదేళ్ళండి."

"ఇవాళ కూడానా?"

"ఇవాళ కూడానండి."

"సాంబశివరావూ, నీ రేపల్లె బస్సు ఎన్నింటికోయ్?"

"మీరాగండి మేష్టారూ! ఒరేయ్ ఆశీర్వాదం... మరైతే పుల్లమ్మ గారిది?"

"రెండో బేరమండి. పదేళ్ళూ రెండో బేరమే. ఇప్పుడు కిలో తూస్తారా, బండి తీసుకుని నన్ను కూడా రేపల్లె వెళ్ళిపొమ్మంటారా?"