వెంకటశేషమ్మ ఇంటి స్వాధీనం

ఏందబ్బయా జయకుమారూ, పొద్దుపొద్దునే వకీలు కాగితాలు చంకన పెట్టుకోని వచ్చినావు? అద్దెకున్నోళ్లు ఖాళీ చేసేది లేదంటన్నారా? కూర్చో, కూర్చో. సరైన మనిషి దగ్గరికే వచ్చినావులే. ముప్పై ఒక్క ఏడు కోర్టులో అమీనాగా చేసినోణ్ణి నేను. జడ్జీ గారు పైన కూర్చోని తీర్పు రాస్తాడు, బాగానే ఉంటాది. ఆ తీర్పు తీసకపొయ్యి, సామాన్లు బయట పెట్టించి, తాళం ఇంటాయన చేతికిచ్చేది ఎవరు? అమీనానే గదా. నోటీసు ఎట్టా ఇయ్యాల, తీసుకోకపోతే తలుపుకెట్టా అంటించాల, అన్నీ నాకు నోటికే వచ్చు. ఎన్ని ఇళ్లు ఖాళీ చేయించినానో చెప్పలేను. పొయ్యి, చేతగాక తిరిగొచ్చింది మాత్రం ఒకే ఒక్కటి. వెంకటశేషమ్మ ఇల్లు. నీకు తెలీదులే, నువ్వప్పటికి పుట్టలా.

ఆమెది కొడవలూరు. మొగుడు పొయ్యినాక అన్న ఇంట్లో ఉండె. నెల్లూర్లో మొగుడు కట్టించిన పెంకుటిల్లు ఒకటుండాది, రెండు గదులు, ఎనక వసారాలో వంట. దాన్ని రెబెక్కమ్మకి అద్దెకిచ్చింది. రెబెక్కమ్మంటే ఎవరనుకున్నావు, ఆసుపత్రిలో కాన్పుల నర్సమ్మ, క్రైస్తవులు, మొగుడు లేడు, ఇద్దరు ఆడబిడ్డలు. మా రెండోవాడప్పుడు కూడా ఆమే పురుడు పోసింది, వాడు తల ముందు రాకుండా కాళ్లతో వచ్చినాడు, అదంతా వేరే కథలే. ఏం చెప్తన్నా? ఆఁ, కొడవలూరు. అన్న ఉన్నన్నాళ్లు వెంకటశేషమ్మకి జరిగింది. అన్న కన్నుమూసినాక వదిన ఆదిశేషమ్మది రాజ్యం. ఈమె అన్నంలో మజ్జిగ పోసుకోబోతే, "ఆ గిన్నె ఇట్టా పెట్టు, పిల్లకాయలింకా తిన్లా" అనేదంట. తిట్టలేదు, కొట్టలేదు, ఆ ఒక్క మాటే. దానికే ఈమెకి కడుపు రగిలిపోయింది. "నా ఇంట్లో నేను, నా చేత్తో పోసుకోని తాగాల, ఇంకేం వద్దు" అని వకీలు దగ్గరికొచ్చేసింది. కోర్టులో బోనెక్కి కూడా అదే ముక్క చెప్పింది.

రెబెక్కమ్మ తక్కువదేం కాదు. "అమ్మగారూ, వేరే ఇల్లు చూపించండి, ఈ నిమిషమే పోతాను. ఈ బజార్లో సగం మంది నా చేతుల్లో పుట్టినోళ్లే. ఇల్లు అడిగితే మాత్రం, మీరేం కులం, ఏం వండుతారు అంటారే" అనింది. ఆ మాటా నిజమే గదబ్బా. అందుకనే కదలకుండా మూడేళ్లు వాయిదాలు నడిపించింది, అరవై రెండు నుంచి అరవై అయిదు దాకా. ఈ వెంకటశేషమ్మేమో అయ్యవారితో పంచాంగం చూపించుకోనిదే వాయిదాకొచ్చేది కాదు. ఒకసారి పేరు పిలిస్తే లేదు. అరగంట తరవాత తాపీగా వచ్చింది. జడ్జీ గారు కళ్లద్దాలు దించి, "ఏమ్మా, కోర్టుకి రాహుకాలం ఉండదు తెలుసా?" అన్నాడు. "మీకు లేకపోతే లేకపోయింది సామీ, నాకుండాది" అనేసింది. హాలంతా ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వినాడు. కేసు ఆమే గెలిచింది, గెలవక?

వారెంటు నా చేతికొచ్చింది. గడువు మంగళవారంతో సరి. కబురంపితే సోమవారమే ట్రంకుపెట్టెతో బస్సు దిగింది. వచ్చేటప్పుడు వదినతో, "ఇంక నీ గడప తొక్కితే నా పేరు వెంకటశేషమ్మే కాదు" అని ఊరంతా వినేట్టు చెప్పొచ్చిందంట. ఆ సంబరంలో, మూడేళ్లు వారాలూ వర్జ్యాలూ చూసుకున్న మనిషి, ఆ ఒక్క దినం చూసుకోలా.

తెల్లారి నేను, బంట్రోతు హజరత్తయ్య, ఇద్దరు కూలోళ్లు పొయ్యినాం. రెబెక్కమ్మ అప్పటికే మూటలు కట్టేసింది. "ఎసట్లో బియ్యం పడినాయి, పిల్లలకి రెండు ముద్దలు పెట్టి పోతామయ్యా" అనింది. హజరత్తయ్యకి ఎప్పుడూ తొందరే. "గంజి వార్చేదాకా కాపలా కాయాల్నా మేము?" అని చెంబుతో నీళ్లు తీసకపొయ్యి పొయ్యిలో పొయ్యబోయినాడు. వాకిట్లో ఉన్న వెంకటశేషమ్మ ఒక్క కేక పెట్టింది చూడు, "ఆగరా! ఈ పొద్దేం వారం?" వాడు బిత్తరపోయి, "మంగళారం" అన్నాడు. "ఆషాఢమాసం, మంగళారం పూట, నా ఇంట్లో మండే పొయ్యి ఆర్పతావా?"

నేను నచ్చజెప్పినాను. పెద్దమ్మా, ఈ పొద్దు దాటితే వారెంటు చెల్లదు, మళ్లా అర్జీ, మళ్లా నెలలకి నెలలు తిరగాల అన్నాను. "తిరగతాలే" అంటాది. రెబెక్కమ్మ మూట చంకనెత్తుకోని, "మాకు దినాల పట్టింపు లేదమ్మగారూ, దేవుడిచ్చిన దినాలన్నీ మంచియే, మేం పోతాం" అంటాది. చూసినావా తమాషా, పొమ్మన్నామె వద్దంటాది, పోనన్నామె పోతానంటాది! "నీకు లేకపోతే నాకుండాది పట్టింపు. ఉడికే అన్నం దించి, ఆడబిడ్డల్ని ఆకలితో బజార్లో నిలబెట్టిన ఇంట్లో నాకు ముద్ద దిగతాదా?" అని చేతులడ్డం పెట్టేసింది. ఇంకేం చేసేది? స్వాధీనం ఇయ్యలేదని రిపోర్టు రాసి, ఆమె వేలిముద్రే వేయించుకున్నా.

కూలోళ్లు పొయ్యినారు. అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. కొడవలూరు పొయ్యేదానికి లేదు, వదినతో అంత మాటనేసొచ్చింది. ట్రంకుపెట్టె మీద కూర్చుండిపోయింది. పిల్లలకి పెట్టి రెబెక్కమ్మ బయటికొస్తే, తలెత్తకుండా, "ముందర గదిలో నాకింత చోటిస్తావా రెబెక్కమ్మా?" అనింది. ఇల్లుగలామె అబ్బయా, అద్దెకున్నామెని అడిగింది. రెబెక్కమ్మ పెట్టెకి ఒక పక్క చెయ్యేసి, "అక్కా, ఆ పక్క పట్టుకో" అనింది. అమ్మగారు పొయ్యి అక్క అయిపోయింది చూడు.

మళ్లా అర్జీ పెట్టనే లేదు. ముందర గదిలో వెంకటశేషమ్మ పొయ్యి, ఎనక వసారాలో రెబెక్కమ్మ పొయ్యి. పదమూడేళ్లుండారు. రోజూ పోట్లాడుకునేవోళ్లు, దారిన పోతా నేనే విన్నాను. ఆఖరికి వెంకటశేషమ్మకి రెబెక్కమ్మ ఒళ్లోనే ప్రాణం పోయింది. కోర్టులో ఆ కేసు కాగితాల కట్ట ఉంటే తీయించి చూడు, నా చేతిరాతతో రాసుంటాది, ఇల్లు వాదికి స్వాధీనం కాలేదు అని. నా సర్వీసు మొత్తంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే...

ఊఁ. మీ నాయనకి మోకాళ్ల నొప్పులెట్టా ఉండాయి?