చెప్పు జారిన సంగతి

చెప్పుల కార్ఖానాలో జిగురు పూసే తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని, కూతురు కంప్యూటర్‌లో రసాయనాల జాబితా తెరిచింది.

“జిగురు పేరేంటి నాన్నా?”

“తెల్లడబ్బా.”

“అది మీరంతా పెట్టుకున్న ముద్దుపేరు. డబ్బా మీదేం రాసుంటుంది?”

“లేబుల్ మేస్త్రీ గీకేస్తాడుగా.”

“గీకితే గీకనీ. పనిని బట్టి కూడా వెతకొచ్చు. చెప్పుల తయారీ, జిగురు... ఇదిగో, హెక్సేన్. ‘దీని ఆవిరి పీలిస్తే పాదాలు మొద్దుబారవచ్చు.’ నీకు చెప్పు జారినా తెలియట్లేదుగా?”

“వయసనుకున్నానే.”

“వయసో, ఆవిరో డాక్టరు తేలుస్తాడు. రేపే వెళ్దాం. ఈ పేజీ ప్రింటు తీస్తున్నా.”

ఆయన వంగి, జారిన చెప్పును చేత్తో తొడుక్కున్నాడు.

“పన్నెండు తియ్యమ్మా.”

“డాక్టరుకి ఒకటి చాలదా?”

“మా బల్ల దగ్గర పన్నెండుమందిమి. చెప్పు జారని కాలు ఒక్కటీ లేదు.”