పెద్దాయన కంటే ఎక్కువ మార్కులా!

గిన్నె అంచుదాకా టీ పోశావే తాలాయ్! తాగి లేచి వెళ్లమనేగా? నేనూ ఈ బిష్కెక్‌లోనే పుట్టాను, ఇక్కడే నా జుట్టు నెరిసింది. కూర్చోబెట్టుకోవాలనుకున్న మనిషికి సగం గిన్నె పోస్తారు, సాగనంపాలనుకున్న మనిషికి నిండా పోస్తారు. అది నాకు తెలియదనుకున్నావా? చల్లారనీ దాన్ని. తాగను. లేవను కూడా.

అక్కా అన్నట్టు ఎజెకే, ఎజెకే అంటూనే ఏమన్నావు ఇందాక? "అందరూ పాసయ్యారు ఎజెకే, ఒక్కరు తప్ప. వచ్చే ఏడాది కూడా మీరే ఇంగ్లీషు పాఠాలు చెప్పండి." ఆ "ఒక్కరు తప్ప" అన్నప్పుడు నీ నాలుక ఎంత తేలిగ్గా తిరిగిందయ్యా! ఆ ఒక్కరికీ పేరు లేదా? ఒరోజ్ బైకే అనడానికి నోరు రాలేదా? నీ కంపెనీలో చిన్నా పెద్దా అందరూ సొంత అన్నని పిలిచినట్టు బైకే, బైకే అని పిలిచే మనిషి. నిన్నటిదాకా నువ్వూ అలాగే పిలిచావు. ఇవాళ "ఒక్కరు" అయిపోయాడా?

రూలు రూలేనంటావు. విన్నాను. డెన్మార్క్ బీమా కంపెనీకి ప్రోగ్రాములు రాసే పని దొరికింది, వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడగలిగినవాళ్లే వసంతం నుంచి ఆ పనిలో ఉంటారు, మిగతావాళ్లు ఉండరు. సరే. మరి ఈ కంపెనీలో ఇంకో పని ఉందా? లేదు. అంటే ఇంటికి పొమ్మనడమే. ఆ మాట సూటిగా అనకుండా "ప్రాజెక్టు నుంచి తప్పిస్తున్నాం" అంటావు. చేదు మాటకి చక్కెర పుయ్యడం నా మొదటి నెల పాఠమేలే, నాకు తెలియదా!

అరవై ఒకటి ఆయనకి. ఇంకో రెండేళ్లకి గానీ పింఛను రాదు. ఈ రెండేళ్లూ ఎవడిస్తాడు పని? చెప్పు. కిటికీలోంచి ఏం చూస్తావు, అక్కడ బురద మంచు తప్ప ఏముంది? నా వంక చూడు.

అసలు ఈ గోలంతా ఎవరు తెచ్చారు? నువ్వు! ఆకులు రాలే రోజుల్లో మొదటి పరీక్ష పెట్టగానే, మార్కులన్నీ కింద హాల్లో గోడమీది పెద్ద తెరమీద వేయించావు. ఎవరు పైన, ఎవరు అడుగున. గుర్రప్పందెం లాగా! ఏ దేశంలో చూసొచ్చావో ఏమో. నువ్వు నారిన్ కొండల్లోంచి వచ్చినవాడివి కదయ్యా. మీ ఇంట్లో మీ తాత రొట్టె తుంచకముందు ఎవడైనా చెయ్యి పెట్టాడా? గుమ్మానికి దూరంగా పెద్దవాళ్లు కూర్చునే చోట కుర్రాడెవడైనా కూలబడ్డాడా? అలాంటి ఇళ్లలో పెరిగిన పిల్లల్ని తీసుకొచ్చి, బైకే పేరు కింద, మీ పేర్లు పైన అని గోడమీద వేసి, ఇంకా పైకి ఎక్కండి అంటే ఎక్కుతారా?

ఎక్కలేదుగా మరి!

చలికాలమంతా ఏమైందో మరిచిపోయావా? క్లాసు క్లాసంతా మునిగిపోయింది. మొదట్లో బాగా రాసినవాళ్లు కూడా అడుక్కి జారారు. నన్ను ఇదే కుర్చీలో కూర్చోబెట్టి ఏమన్నావు? "ఎజెకే, మీ పద్ధతి పాతబడిపోయిందేమో." నా పద్ధతి! సోవియట్ దేశం ముక్కలైపోయి బళ్లో జీతాలు ఆగిపోతే, డొర్దోయ్ బజారులో ఇనప కంటైనర్ల మధ్య సాక్సులమ్ముకుంటూ పక్క కొట్లవాళ్లకి ఇంగ్లీషులో బేరాలాడడం నేర్పినదాన్ని నేను. చేతి తొడుగులు తీస్తే వేళ్లు కదిలేవి కావు. అయినా వాళ్లు నేర్చుకున్నారు. వెచ్చటి గదిలో, మెత్తటి కుర్చీల్లో కూర్చున్న మీ ప్రోగ్రామర్లకి రావడం లేదంటే తప్పు నాదేనేమోనని నేనూ నమ్మాను. నిజంగా నమ్మాను. అందుకే నీమీద ఇంత మంట.

ఒకరోజు, అవతలివాడు మాట్లాడుతుంటే మర్యాదగా ఎలా అడ్డుపడాలో నేర్పాను. ఫోను మీటింగుల్లో అది రాకపోతే మనవాళ్ల మాట ఎవడు వింటాడు? బైకేని డెన్మార్క్ పెద్దమనిషి వేషం కట్టమన్నాను. పొట్ట ముందుకు పెట్టి, కళ్లద్దాలు ముక్కు చివరికి లాక్కుని మొదలెట్టాడు. ఇసిక్-కూల్ సరస్సులో చేపలు పట్టిన కథ, తనకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో. అడ్డుపడండ్రా అని నేను సైగలు. ఒక్కడూ నోరు తెరవడే! తలలూపుతారు, నవ్వుతారు. గంట అయిపోయింది గానీ ఆ చేప ఒడ్డుకు రాలేదు. చివరికి నేనే అడ్డుపడ్డాను. అందరూ నా వంక ఎలా చూశారనుకున్నావు! పెద్దాయన మాట మధ్యలో తుంచేసిన పాపిష్టిదాన్నన్నట్టు.

అప్పుడైనా నాకు తట్టలేదు.

తర్వాతి వారం మెట్ల దగ్గర నుర్‌గాజీ గొంతు వినపడింది. మీ ప్రోగ్రామరే, ఎర్ర టోపీవాడు. ఫోనులో డెన్మార్క్ వాడితో పోట్లాడుతున్నాడు. ఇంగ్లీషులో! "శుక్రవారానికి కాదు, ఆలస్యం చేసింది మీరు, నేను ఒప్పుకోను" అని గడగడా, ఎక్కడా తడబడకుండా. అంతకు ముందు రోజే నా పరీక్షలో "నిన్న నేను వెళ్తాను" అని రాసిన మహానుభావుడు! నాకు ఒళ్లు మండి చెవి పట్టుకున్నాను. పెళ్లీడుకొచ్చినవాడి చెవి.

"అబ్బా, వదలండి ఎజెకే!"

"ఎవరి దగ్గర్రా నాటకాలు?"

వాడి వెనకే బేగాయిమ్. నీకు మాటలందించే పిల్ల, అయినా నా పరీక్షల్లో అడుగునే. "వాణ్ణొక్కణ్ణే అనకండి ఎజెకే, అందరం అంతే," అంది.

"అంతే అంటే?"

"పాఠంలో బైకే చేసే తప్పులన్నీ మాకు కంఠతా వచ్చు. పరీక్షలో అవన్నీ రాసి, పైన ఇంకో రెండు కలుపుతాం. తెరమీద ఆయన పేరు మా పేర్ల కింద పడితే మేం ఆయన మొహం ఎలా చూడాలి? రేపు మా పెళ్లిళ్లకి వచ్చి దీవించమని ఆయన్నే కదా అడగాలి?"

"ఉద్యోగం ఊడుతుందే పిచ్చిదానా!"

"ఊడితే అందరికీ కలిసే ఊడుతుంది," అంది. ఆ పిల్లని ముద్దు పెట్టుకోవాలో, చెంప పగలగొట్టాలో నాకు తోచలేదు.

ఏంటి, నవ్వొస్తోందా? నవ్వు నవ్వు. వాళ్లంత పొగరుగా, అంత తెలివితక్కువగా, అంత మంచిగా ఉండడం నీకు చేతనవుతుందా?

నా నోరు నీకు తెలుసుగా, లోపల ఏదీ దాగదు. తిన్నగా క్యాంటీన్‌కి వెళ్లాను. బైకే నూడుల్స్ తింటున్నాడు. నాకంటే ఏడాది పెద్దవాడు, అయినా పంతులమ్మనని నన్నూ ఎజెకే అనే పిలుస్తాడు. "కూర్చోండి ఎజెకే, తినండి," అన్నాడు. "తినడానికి రాలేదు. మీ మూలంగా పిల్లలందరూ మునిగిపోతున్నారు," అని మొత్తం చెప్పేశాను. ఫోర్కు కింద పెట్టాడు. తర్వాత, "దొంగ వెధవలు!" అన్నాడు, ముంజేత్తో కళ్లు తుడుచుకుంటూ.

చివరి పరీక్ష రోజు ఆయన జబ్బు చేసిందని ఫోను చేశాడు. తను గదిలో లేకపోతే పిల్లలు హాయిగా రాస్తారని ఆయన ఎత్తు. నేను వెళ్లేసరికి గది ఖాళీ. ఒక్క పురుగు లేదు! ఎక్కడికి పోయారని అడిగితే కాపలావాడు చెప్పాడు, అందరూ బైకేని చూడ్డానికి వెళ్లారని. పెద్దమనిషి మంచాన పడితే పరీక్షేంటి వీళ్లకి?

ఏం చెయ్యను? ఒక సంచీడు ఆపిల్స్ కొనుక్కుని నేనూ మినీబస్సెక్కాను. అయిదో అంతస్తు, లిఫ్టు లేదు. గుమ్మం నిండా బూట్లు. లోపల బైకే తలకి పెళ్లాం శాలువా చుట్టుకుని పడుకున్నాడు, బుగ్గలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. చుట్టూ మీ డెన్మార్క్ ప్రాజెక్టంతా కూర్చుని నూనెలో వేయించిన బోర్సోకులు జాములో ముంచుకుని తింటోంది.

"వీళ్లు రాస్తారనుకుని పడుకున్నాను ఎజెకే," అని గొణిగాడు నా చెవిలో. "వీళ్లేమో నా ఇంట్లో పిండి మొత్తం అవగొట్టేస్తున్నారు."

ఇక పట్టలేక లేచి కూర్చున్నాడు. శాలువా విసిరికొట్టాడు.

"ఒరేయ్, నేను మీకు పెద్దవాణ్ణా, కాదా?"

"పెద్దవారే బైకే."

"నా మాట మీద మాట అంటారా?"

"అనం."

"అయితే వినండి. వెళ్లి మీకొచ్చినదంతా రాయండి. మళ్లీ ఎవడైనా నా కింద చేరాడో, వాడి పెళ్లికి నేను రాను. వాడి పిల్లకి పేరు పెట్టను."

నుర్‌గాజీ తల దించుకునే అడిగాడు, "మరి మీరు?"

"నేనేం మొద్దునా? నేనూ రాస్తాను. నా వెనక రండి అనడం లేదు, ముందు నడవండి అంటున్నాను. తేడా తెలుసా గాడిదల్లారా?"

పరీక్ష వారం వాయిదా వేశాను. రాశారయ్యా! నువ్వు ఇందాక మురిసిపోయిన మార్కులు ఆ ఇంట్లో, ఆ మంచం పక్కన పుట్టినవి. నా పద్ధతి వల్లా కాదు, నీ తెర వల్లా కాదు.

ఆయనా రాశాడు. టై కట్టుకుని వచ్చి, చెమటలు తుడుచుకుంటూ రాశాడు. ఆ వారమంతా మధ్యాహ్నం తిండి మానేసి నా దగ్గర కూర్చున్నాడు. ముందుకంటే బాగా రాశాడు. పాసు గీత మాత్రం దాటలేదు. ఎక్కడైనా మార్కు దొరుకుతుందేమోనని ఆ కాగితం మళ్లీ మళ్లీ చదివాను. దొరకలేదు. రాని మార్కు నేను ఎవరికీ వెయ్యలేదు, ఆయనకీ వెయ్యలేదు. ఆయనే ఊరుకోడు.

ఏం కావాలని అడుగుతున్నావా? మార్కు మార్చమని కాదు. ఇవాళ భోజనాల వేళకి ఆ తెరమీద వేస్తానన్న మార్కులు వెయ్యకు. ఆయన్ని ఆ రెండేళ్లూ ఉండనీ. ఆయన ముక్కలుగా మాట్లాడితే పక్కన నుర్‌గాజీ కూర్చుని అతికించి చెబుతాడు. తప్పేముంది? నీకు బేగాయిమ్ చెప్పడం లేదూ? డెన్మార్క్ వాళ్లొచ్చినప్పుడు నువ్వు మాట్లాడిన ఇంగ్లీషెంత? "గుడ్, గుడ్, వెరీ గుడ్." మిగతా ఒప్పందమంతా ఆ పిల్ల నోటితోనే చేశావు కదా! మరి నీ పేరు ఆ తెరమీద ఎక్కడుందయ్యా? వెతికాను, కనపడలేదు. నువ్వు పరీక్షకి ఎందుకు రాలేదు?

కోపమొచ్చిందా? రానీ. మొహంలో నెత్తురు కనిపించడం మంచిదే.

ఇంకోటి విను. నారిన్ నుంచి ఒక్క సంచీతో దిగిన ఏడాది, ఆ చలికాలమంతా ఎవరి వంటింట్లో పడుకున్నావు? ఆయన చెప్పలేదు నాకు. చచ్చినా చెప్పడు. ఆయన పెళ్లాం చెప్పింది ఆ రోజు, మాంసం పులుసు గిన్నెల్లో పోస్తూ. "అందరూ వచ్చారు, మా తాలాయ్ రాలేదా?" అని గుమ్మం వంక చూస్తూ అడిగింది. నీకు పనుందని చెప్పాను. ఏం చెప్పమంటావు మరి?

ఊరికే ఆ పెన్ను తిప్పకు. నేను వచ్చినప్పట్నుంచీ నా మెడకేసి చూస్తున్నావు, మగవాళ్ల మఫ్లరు ఈవిడకెందుకని. చెబుతాను. అది చెప్పడానికే ఇంతసేపు తిడుతున్నానేమో కూడా.

ఈ మార్కులు పట్టుకుని నీ దగ్గరికి వస్తుంటే మెట్లమీద ఎదురయ్యాడు. "పిల్లలు?" అన్నాడు. "అందరూ పాస్," అన్నాను. "అందరూ అంటే... ఎజెకే?" అన్నాడు. తన సంగతి నోరు తెరిచి అడగడానికి సిగ్గు. ఆ మొహం చూశాను. "అందరూ. మీరు కూడా," అనేశాను.

అబద్ధం. నేను. ఈ నోటితోనే.

శుభవార్త తెచ్చినవాళ్లని మనలో వట్టి చేతులతో పంపరు కదా. జేబులు తడుముకున్నాడు, ఏమీ దొరకలేదు. మెడలో మఫ్లరు తీసి, ఆయన పెళ్లాం అల్లింది, నా మెడలో వేశాడు. నేను వద్దనలేదు. తీసుకున్నాను. ఆయన చిన్నపిల్లాడిలా మెట్లు దూకుతూ ఇంటికి ఫోను చెయ్యడానికి పరిగెత్తాడు. ఈపాటికి ఆవిడ పిండి కలుపుతుంటుంది. సాయంత్రం మనందరినీ పిలుస్తారు, నిన్ను కూడా.

శుభవార్తకి కానుక పుచ్చుకున్నాక ఆ వార్తని వెనక్కి తీసుకోవడం నేను ఎక్కడా వినలేదు.

ఇదిగో, ఈ మఫ్లరు నీ బల్లమీద పెడుతున్నాను. రూలే ముఖ్యమనుకుంటే దీన్ని తీసుకుని కిందికి వెళ్లు. నీ చేత్తో ఆయన మెడలో వేసి, సంగతి చెప్పు. ఏ భాషలో చెబుతావో నీ ఇష్టం. నాకు మూడు భాషలొచ్చు. ఒక్కదాంట్లోనూ నోరు పెగల్లేదు.