ఫిల్టరు అడుగున నీళ్ళు

హలో… ఆ, నేనే, గిరిధర్ని. చెప్పక్కా.

ఆగిపోయిందా? ఎక్కడ?… మండవల్లి ఇంకా రాలేదా. సరే, ఫోను ఏసుబాబుకివ్వు.

డ్రైవరు లేకపోవడమేంటి?… బావగారు పంపేశారా!

దొంగతనమేంటక్కా?… మంచి డీజిలు అమ్ముకుని కల్తీది పోశాడని… అతనేమన్నాడు?… తాళాలిచ్చేసి మండవల్లి వైపు నడిచిపోయాడా.

…

ముందు బండి సంగతి చూద్దాం. ఎలా ఆగింది?… కుదుపులిచ్చి ఆగిందా. ఊఁ.

బ్యాటరీ కాదు. సెల్ఫు తిరుగుతోందిగా. బావగారిని సీటు కింద మూత ఎత్తమను. డీజిలు ఫిల్టరుంటుంది, డబ్బాలాగా. దాని అడుగున చిన్న మర. వంట సామాన్లలో గాజు గ్లాసుంటే కింద పట్టి, మర వదులు చెయ్యమను… చీర మీద పడుతుంది, జరుగు… నిండిందా? కదపకుండా పెట్టు.

అడుగున ఏముంది?… తేటగా… నీళ్ళేనక్కా.

— వద్దు, బావగారిని ఇంకో మాట అనొద్దను. ఏసుబాబు కాదు. నేను పోశాను.

నేనే. మీరు పెద్దవాళ్ళు శ్రీశైలం వెళ్తున్నారు, ఖాళీ ట్యాంకుతో బండి ఇవ్వకూడదు కదా, నాన్న ఊరుకోరు. మన మిల్లు జనరేటరు కోసం తెచ్చిన డీజిలు పీపాలో ఉంటే పోసేశాను. మూత సరిగ్గా లేదు. మొన్నటి వానంతా అందులోకే… అతను వద్దన్నాడక్కా. ఓసారి చూసి పోద్దామండి అన్నాడు. నువ్వు తోలు చాలు అన్నాను.

… తిట్టు. వింటాను.

ఆ మర మళ్ళీ వదలమను, నీళ్ళు పోయి డీజిలు వచ్చేదాకా… వచ్చిందా? బిగించమను. ఫిల్టరు మీద చేతిపంపుంది, గట్టిపడేదాకా నొక్కాలి. లోపలి గాలి పోవాలి… ఇప్పుడు సెల్ఫు… ఇంకోసారి… ఆ, వినిపిస్తోంది.

ఇప్పుడు శ్రీశైలం కాదు. ట్యాంకులో ఇంకా నీళ్ళుంటాయి. మెల్లగా మండవల్లి మెకానిక్ షెడ్డుకి పోనిమ్మను, ట్యాంకు కడిగించాలి. ఏసుబాబూ అటే నడిచాడన్నావుగా. ఫోను పెట్టెయ్యకు.

…

కనపడ్డాడా? ఆపమను. అద్దం దించి పిలువు… స్పీకర్లో పెట్టావా?

ఏసుబాబూ, నేను. డీజిలు నేనే పోశానని చెప్పాను. నువ్వు వద్దన్నావని కూడా చెప్పాను. బావగారు అక్కడే వింటున్నారు. బండెక్కు.

ఏసుబాబూ, కాస్త గట్టిగా చెప్పు.

ఏమన్నాడక్కా? సరిగ్గా వినపడలేదు… ఆ మాట వాళ్ళావిడ హన్నమ్మకి చెప్పమన్నాడా? ఆవిడకెవరు చెప్పారు ఈ సంగతి?… బావగారు వాళ్ళింటికి కూడా ఫోన్ చేశారా. మీ ఆయన దొంగ అని, ఆవిడతో.

…

వద్దు, నువ్వు చెయ్యకు. బావగారూ వద్దు. నేను వెళ్తాను. ఫోనులో కాదు, వాళ్ళ వీధిలో నిలబడి చెబుతాను.

మీరు అక్కడే ఉండండి. అతను ఎక్కేదాకా బండి కదలకూడదు… ఎండగా ఉందా?

అతనికీ ఎండేగా అక్కా. ఉంటాను.