రేనోకి కొత్త రాడ్డు

అబ్బబ్బ, ఆ స్ట్రాతో అలా జుర్రకు రేనో! గ్లాసు అడుగున ఇంకేం లేదు, ఒట్టి గాలి. సాల్మన్ చేప సూపు మిక్సీలో వేసి, రెండుసార్లు వడగట్టి ఇస్తే ఆ మొహమేంటి? ఆ చేపకి నేను చేసిన అన్యాయం నాకు తెలుసులే. మా అమ్మ చూసుంటే నన్ను వంటింట్లోంచి గెంటేసేది. మరి నీ దవడకి తీగలు కట్టి పంపించారు, నన్నేం చెయ్యమంటావు?

ఊఁ ఊఁ అనకు. ఒక్క ముక్క అర్థం కావట్లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో నువ్వన్నవన్నీ అర్థమయ్యాయనీ కాదు, కానీ అప్పుడు కనీసం పదాలుండేవి.

పలకా? దాచేశాను. నిన్న దాని మీద ఏం రాశావు? "గరాజు తాళం ఎక్కడ?" అని. దాని పక్కన ఇంకో మూడు ప్రశ్నార్థకాలు. దవడ రెండు చోట్ల విరిగినవాడికి గరాజులో ఏం పనయ్యా?

అందుకే ఇవాళ నువ్వు వింటావు, నేను చెప్తాను. కదలకు. నవ్వకు కూడా, నవ్వితే తీగలు లాగుతాయన్నారు. మెడలో ఈ కటింగ్ ప్లేయరు ఎందుకు వేలాడేసుకున్నాననుకున్నావు? నీకు వాంతొస్తే టక్కున తీగలు కత్తిరించడానికి. ఆస్పత్రివాళ్ళిచ్చారు. చర్చికి కూడా దీంతోనే వెళ్ళొచ్చాను. అందరూ చూశారు. చూడనీ.

గరాజులో నీ బరువులెత్తే రాడ్డు లేదు.

అదిగో, కళ్ళు పెద్దవి చెయ్యకు! చెప్తున్నాగా. దాన్ని పెరట్లో పాతేశాను. చిక్కుడు పాదు ఎక్కడానికి. దాని జన్మకి తగ్గ పని ఇన్నాళ్ళకి దొరికింది.

ఆ రోజు నువ్వు దాన్ని భుజాన వేసుకుని ఇంటికొచ్చినప్పుడే చెప్పానా లేదా? ఎవడో ఇల్లు ఖాళీ చేస్తూ వాకిట్లో పెట్టి అమ్ముతుంటే, చవగ్గా వచ్చిందని మెరుస్తూ వచ్చావు. రాడ్డు కూడా మెరుస్తూనే ఉంది, పై పూత రేకులు రేకులుగా లేస్తోందనుకో. గోటితో కొట్టాను. టంగుమంది. "రేనో, ఇది బోలు గొట్టం" అన్నాను. "పైగా మూడు ముక్కలు, మరలు తిప్పి ఒకటి చేశారు. తిప్పి బిగించింది తిరిగి ఊడుతుంది" అన్నాను. పేపరు మిల్లు స్టోరులో ఇరవై తొమ్మిదేళ్ళు చేశానయ్యా నేను! నువ్వు అదే మిల్లులో యంత్రం పక్కన నిలబడి దాని చప్పుడికి చెవుడు తెచ్చుకున్నావు. ఆ యంత్రాలకి ఏ కడ్డీ వెయ్యాలో, ఏది వేస్తే విరుగుతుందో చూసి ఇచ్చింది నేను.

నువ్వేమన్నావు? "నీకు వీటి సంగతి తెలీదు ఐలీ" అన్నావు.

సరే. తెలీదు. తెలీనిదాన్ని కాబట్టే ఊరుకున్నాను.

ఇంకో సంగతి కూడా తెలిసే ఊరుకున్నాను. పడవ సంగతి. ఏంటి, నాకు తెలీదనుకున్నావా? సరస్సు మీద మంచు కరిగిన మొదటి ఆదివారం, నువ్వూ పక్కింటి ఐవరూ పడవ మోసుకెళ్తుంటే నీ వైపు జారి నేలకి తగిలింది. ఐవర్ రెండు వైపులా తనే ఎత్తుకున్నాడు. నీకన్నా ఆరేళ్ళు పెద్దాయన. నేను కారులో కూర్చుని అంతా చూశాను. చూడనట్టు అద్దంలో జుట్టు సర్దుకున్నాను. ఆ రాత్రి నువ్వు అన్నం ముందు కూర్చుని ఉప్పు కూడా అడగలేదు. నాలుగు రోజులకి ఈ గొట్టం ఇంటికొచ్చింది.

అందుకే నేను దాన్ని విసిరి పారెయ్యలేకపోయాను. అర్థమైందా?

సరేలే, అటు తిరగకు. ఇటు చూడు. అసలు కథ ఇక్కణ్ణుంచి.

నువ్వు ఆస్పత్రిలో ఉన్న మూడో రోజు నేను కొత్త రాడ్డు కొనడానికి వెళ్ళాను. అవును, నేనే. హైవే పక్కన ఆ పెద్ద ఆటసామాన్ల కొట్టుకి. అక్కడొకాయన, మెడ లేదు, భుజాల మీంచి సరాసరి తలకాయే. "అమ్మా, మీకా?" అని, నన్ను తిన్నగా గులాబీ రంగు డంబెల్స్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక్కోటి నా చేతిసంచీ అంత బరువు కూడా లేదు.

"ఇవి కాదు బాబూ, పెద్ద రాడ్డు" అన్నాను.

"మనవడికా?"

"మొగుడికి. ఇప్పటికే ఒకటి వాణ్ణి కొట్టింది. ఈసారి కొట్టనిది కావాలి."

పాపం, గబగబా పెద్ద రాడ్ల దగ్గరికి నడిచి ఒకటి చూపించాడు. తళతళలాడుతోంది. "ఇది వెయ్యి పౌండ్లు మోస్తుందండీ" అన్నాడు. ఏం ఉక్కు అన్నాను. అట్ట మీద చదివి, "మంచి ఉక్కు" అన్నాడు! రేనో, నీ మీద ఒట్టు, అలాగే అన్నాడు. నేను ఆ రాడ్డు తీసి కొట్టు మధ్యలో నేల మీద పెట్టి కాలితో దొర్లించాను. పాము పాకినట్టు వంకరగా ఊగుతూ పోయి చెప్పుల బీరువాకి తగిలింది. అక్కడున్న జనమంతా చూశారు. "మీ మంచి ఉక్కు నడుము నొప్పితో ఉన్నట్టుంది" అన్నాను. చివర్లు తిప్పి చూశాను. బరువు ప్లేట్లు ఎక్కించే ఆ తొడుగులు ఉన్నాయి చూడు, అవి గిర్రున తిరగాలి. తిరక్కపోతే ప్లేట్ల బరువు నీ మణికట్టుని మెలిపెడుతుంది. ఇవి కదల్లేదు. చేతిసంచీలోంచి నా పాత కొలబద్ద తీశాను. మధ్యలో ఒక మందం, చివర ఇంకో మందం! మెడ లేనాయన వాళ్ళ మేనేజరుని పిలవడానికి వెళ్ళాడు. ఇంక రాలేదు.

నవ్వొద్దన్నానా! ప్లేయరు తియ్యమంటావా?

బయటికొస్తుంటే తలుపు దగ్గర ఒకావిడ ఆపింది. డొరీన్ పెల్టియే అట. మంచు మీద రాళ్ళు దొర్లించి ఆడే ఆ పాత కర్లింగ్ హాల్లో ఆడవాళ్ళ చేత బరువులెత్తిస్తుంది. నా వయసే ఉంటుంది, కానీ ఆ భుజాలు! మన పొయ్యిలోకి కట్టెలు కొట్టేవాడికి కూడా లేవు. పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "అక్కా, నువ్వు ఆ రాడ్డుని దొర్లించావు చూడు, పన్నెండేళ్ళ నుంచీ నాకు చెయ్యాలని ఉంది, సిగ్గుపడి ఊరుకున్నా. రా, నాతో రా" అంది.

వెళ్ళాను. ఎందుకెళ్ళకూడదు? ఇంట్లో నువ్వు లేవు, నీ గురక లేదు.

హాలంతా ఆడవాళ్ళే రేనో. ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, మన పోస్టాఫీసులో స్టాంపులమ్మే ఆవిడ. స్టాంపులావిడ తనంత బరువు నేల మీంచి లేపి, కింద పెట్టి, "నమస్తే ఐలీ" అంది.

డొరీన్ ఒక్కొక్కటీ చూపించింది. మధ్య కడ్డీ మొత్తం ఒకటే కడ్డీ ఉండాలి, అతుకుండకూడదు. పట్టుకునే చోట గీతలు చేతికి అంటుకోవాలి గానీ కొయ్యకూడదు. ప్లేట్లు జారకుండా పెట్టేది బట్టల క్లిప్పు లాంటిది కాదు, గట్టిగా నొక్కి పట్టేది ఉండాలి. నీ పాత రాడ్డు క్లిప్పులు రెండూ చేతిసంచీలోంచి తీసి చూపించాను. ఆవిడ వాటిని వేలితో తోసింది, జర్రున జారాయి. "వీటితో మీ ఆయన బెంచీ మీద పడుకుని ఎత్తాడా? ఒంటరిగానా?" అంది. నవ్వు పోయింది ఆవిడ మొహంలో. "అక్కా, రాడ్డు కన్నా ముందు రాడ్డుని ఆపేవి కొను" అని, బెంచీకి రెండు పక్కలా ఇనప చేతుల్లాంటివి చూపించింది. చేతులు వదిలేసినా రాడ్డు వాటి మీదే ఆగుతుంది, ఛాతీ మీద పడదు. మెడ మీద పడదు.

అవీ కొన్నాను. గరాజులో బిగించేశాను. బోల్టులు నేనే బిగించాను, ఎవర్నీ పిలవలేదు.

నీ పాత ప్లేట్లు కొత్త రాడ్డుకి ఎక్కవు, కన్నం చిన్నది. వాటిని ఐవర్‌కి ఇచ్చాను, పడవ లంగరుకి బాగుంటాయన్నాడు. కోప్పడకు. నిన్ను చూడ్డానికి రోజూ వస్తున్నాడు కదా పాపం.

ఇంకోటి. డొరీన్ అంది, "కొనేవాళ్ళు ఎత్తి చూడకుండా కొనకూడదు" అని. నేనన్నాను, "నాకెందుకమ్మా, నాకు అరవై రెండు." "స్టాంపులావిడకి అరవై ఏడు" అంది.

అలాగ మొదలైంది.

అప్పట్నుంచి మంగళ, గురు, శనివారాలు వెళ్తున్నాను. చర్చిలో కుట్టుపని అని నీకు చెప్పాను కదూ? కుట్టుపని కాదు. నిన్న నూట పది పౌండ్లు నేల మీంచి లేపాను. నూట పది! నువ్వు బెంచీ మీద ఎత్తింది తొంభై. అది వేరు, ఇది వేరు అంటావు. డొరీన్ కూడా అదే అంది. అయినా నూట పది తొంభై కన్నా ఎక్కువే, ఆ లెక్క మాత్రం మారదు.

ఇంకా ఉంది. కొన్న రాడ్డు మామూలు దానికన్నా కాస్త సన్నం. ఆడవాళ్ళ చేతికి సరిపడేది. బరువు కూడా పది పౌండ్లు తక్కువ. ఉక్కు మాత్రం అసలైంది, దొర్లిస్తే గీత గీసినట్టు పోతుంది. నీ చేతికీ సరిపోతుందిలే. సరిపోకపోతే అడిగి వాడుకో.

ఏంటా చూపు? ఎందుకింత హడావుడి చేశావనా? ఒక ముసలాడి దవడ విరిగితే ఊళ్ళో రాడ్లన్నీ కొలబద్దతో కొలుస్తూ తిరగాలా అనా?

ఊఁ, చెప్తాను.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. రాడ్డు ఇంకో నాలుగు వేళ్ళు కిందకి తగిలుంటే గొంతు అంది. వెల్లకిలా పడున్నాడు, నోరంతా రక్తం, ఇంకాసేపుంటే ఊపిరాడేది కాదు అంది. "ఎంతసేపటికి చూశారు?" అని అడిగింది.

వెంటనే వెళ్ళాను అన్నాను.

అబద్ధం రేనో.

ఆ పొద్దున మనం పోట్లాడుకున్నాం. "నీకేం తెలీదు" అని తలుపు విసిరి గరాజులోకి వెళ్ళావు. నేను వంటింట్లో తీపి రొట్టెకి పిండి పిసుకుతున్నాను. ఢాం అని చప్పుడైంది. విన్నాను. 'బాగా అయింది' అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. తర్వాత పెయింటు డబ్బా మీద టక్, టక్, టక్ అని. నువ్వు పిలవలేక కొడుతున్నావు. నాకేమో నువ్వు కోపంతో కొడుతున్నట్టు వినిపించింది. నన్ను రప్పించాలని, వచ్చి బతిమాలాలని. బతిమాలనులే అనుకున్నాను.

పిండిని మూడు పాయలు తీసి జడలా అల్లాను. గుడ్డు పూశాను, పైన పంచదార చల్లాను, ఓవెన్లో పెట్టాను. చేతులు కడుక్కున్నాను. మధ్యలో డబ్బా చప్పుడు ఆగిపోయింది. అప్పుడు కూడా తువ్వాలుతో చేతులు తుడుచుకునే వచ్చాను.

ఎన్ని నిమిషాలో నాకు తెలీదు. లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడం ఇష్టం లేదు.

అంబులెన్సు వచ్చాక ఓవెన్ ఆర్పేసి నీతో ఎక్కాను. ఆ రొట్టె లోపలే ఉండిపోయింది. మర్నాడు ఇంటికొచ్చి తలుపు తీస్తే, మిగిలిన వేడికే కాలి, ఎర్రగా పొంగి ఉంది. ఎప్పుడూ అంత చక్కగా రాలేదు.

నిలబడే తిన్నాను. కోటు కూడా విప్పలేదు. ముక్క మిగల్చకుండా మొత్తం తిన్నాను రేనో. చాలా బాగుంది, ఏం చెయ్యను?