అప్ లైను ఎలక నెత్తురు

నమ్మనంటే నమ్మనని ఇప్పుడే సెప్పీ, నర్సమ్మా. సగం విన్నాక నవ్వితే ఒప్పుకోను. ఆ సూది కాస్త ట్రేలో ఎట్టు దేవమణీ. మా దాలమ్మకి ఆపరేషను, దానికి నెత్తురు కావాల, మొగుణ్ణి కాబట్టి నానే ఇవ్వాల. ఠీక్ హై. కానీ నాది మనిషి నెత్తురు కాదు తల్లీ. అప్ లైను ఎలకది.

అదిగో, నవ్వుతున్నావు.

ఈ తవిటయ్యంటే ఏటనుకున్నావు? వర్క్‌షాపులో ఇంజను చక్రాన్ని ఒంటి సేత్తో దొర్లించినోణ్ణి. అది మానేసినాక సన్యాల్ బాబు లాబొరేటరీలో ఆరొందల తెల్లెలకల్ని సాకినాను. నా సెప్పుల సప్పుడికి ఆరొందలూ లేచి నిలబడీవి.

వాటిలోనూ నెత్తురు రెండు రకాలంట. బాబు ఇంగ్లీషులో ఏవో అచ్చరాలు ఎట్టినాడు. నాకు నోరు తిరగనేదు. రైల్వేవోణ్ణి కదా, కిటికీవైపు బోన్ల మీద అప్ లైను, గోడవైపు బోన్ల మీద డౌన్ లైను అని సుద్దతో రాసీసినాను. ఆకరికి బాబు కూడా "తవిట్‌దా, ఎక్టా డౌన్ దావ్" అని, ఓ డౌన్ ఎలకనియ్యమని బెంగాలీలో అడిగీవోడు.

అప్ ఎలక నెత్తురు డౌన్ ఎలకకి ఎక్కించీవోడు. కొన్నాళ్లకి డౌన్ దాని ఒంట్లో పగ పుడతాది. యాంటీబాడీ అంటారు మీరు. దాని నెత్తుటి మీద తేరిన నీళ్లు పలక మీద సుక్కేసి, ఇంకో ఎలక నెత్తురు కలపాల. డౌన్ దైతే సాపుగా పరుసుకుంటాది. అప్ దైతే ఇరిగిన పాలలాగ పలుకులు కడతాది.

ఓ రోజు ఓ ఎలక నా ఏలు కొరికింది. నా నెత్తురు సుక్క ఎళ్లి పలక మీది ఆ నీళ్లలో పడింది. పడీసరికి పలుకులే పలుకులు. అంటే నానెవుర్ని? నువ్వే సెప్పు.

పన్నెండేళ్లు ఎవుర్తోనూ అననేదు. ఇప్పుడా నెత్తురు దాలమ్మ ఒంట్లోకెళ్లి ఇరిగిపోతే ఏటి గతి? అసలే దానికి నా మీద ముప్పయ్యేళ్ల పగ.

ఏటీ? ఎలక నీళ్లలో ఏ మనిషి నెత్తురేసినా ఇరుగుతాదా? సన్యాల్ బాబుదైనా? నీదైనా?

అయితే నాను మామూలోణ్ణేనా.

పన్నెండేళ్లు పిల్లిని గుమ్మం తొక్కనియ్యనేదు, దేవమణీ.

మరింకేటి దాస్తాను. నాకు సూదంటే బయం. టీకాలోళ్లొస్తే ఊరి సివర తాల్‌బగీచా దాకా పరుగెత్తినోణ్ణి. ఇంద, సెయ్యి. నాను అటు సూస్తాను, నువ్వు గుచ్చీ. ఇంజను చక్రం సంగతి మాత్రం నిజం. సాచ్చికం కావాలంటే లోపల మంచం మీదుంది, లేచినాక అడుగు. లేవాల అది. పేరు రాసుకో, దాలమ్మ.